చిగుళ్ల జబ్బు, చక్కెర జబ్బు: ఏది దేనికి కారణము?



నేడు మనము వేపపూత పచ్చడి తిన్నాము. పొరుగున మరాఠీ సోదరులు గుడిపాడ్వా జరుపుకొని వేపాకు, బెల్లము తిన్నారు. పంటికి వేప, నాలుకకు బెల్లము! ఈ పంటి సంగతి, తీపి సంగతి మీతో ముచ్చటించదలచినాము.

పొట్ట చేతబట్టుకొని ఈ దుర్గాపూరు బొగ్గుగనులకు, విద్యుత్కేంద్రమునకు వచ్చిన కుటుంబములు మనవి. మా ఇంట పెద్దమ్మగారికి చక్కెర జబ్బు ఉండేది. చిగుళ్ల నుండి నెత్తురు కూడ కారేది. "చిగుళ్లు బాగైతే చక్కెర దానంతటదే పోతుంది" అని ఎవరో చెప్పగా, చిగుళ్లకు వైద్యము చేయించుకొని మాత్రలు మానివేసినారు. కొన్ని నెలలకే కాలి పుండు మానక మంచము పట్టినారు. ఇంతకూ ఆ మాటలో నిజమెంత?

ఈ రెండు జబ్బులూ తరచు ఒకే మనిషిలో కనబడుతవి. అంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణము కానక్కరలేదు. బీడీనే చూడండి: చిగుళ్లను చెరుపుతుంది, మధుమేహము వచ్చే అవకాశమునూ పెంచుతుంది. దొంగ వేరొకడు కావచ్చును.

ఈ చిక్కు విప్పుటకు శాస్త్రజ్ఞులు జన్యువుల సాయము తీసికొన్నారు. బఠాణీ మొక్కలను పెంచి మెండెల్ 1865లో వివరించిన సూత్రమే దీనికి ఆధారము. తల్లిదండ్రుల జన్యువులు బిడ్డకు చీట్లు తీసినట్లు వస్తవి. ఆ చీటీ పుట్టుకకు ముందే పడుతుంది. తరువాత బీడీ తాగినా, మానినా మారదు. చిగుళ్ల జబ్బే మధుమేహమునకు కారణమైతే, ఆ జబ్బు చీటీ పడినవారిలో మధుమేహమూ ఎక్కువగా కనబడవలె. ఇట్లు లెక్కించిన అధ్యయనములలో చాలావాటికి అట్టి నిదర్శనము దొరకలేదు. అయితే చిగుళ్ల జబ్బుకు తెలిసిన జన్యు గుర్తులు బలహీనమైనవి. పరీక్షింపబడినవారు ఎక్కువగా ఐరోపా సంతతివారు. కనుక తీర్పు ముగిసినదనలేము.

మధుమేహమునకు మాత్రము బలమైన గుర్తే ఉన్నది. టీసీఎఫ్7ఎల్2 అను జన్యువు సంగతి 2006లో ఐస్లాండు శాస్త్రజ్ఞులు బయటపెట్టగా, 2007లో హైదరాబాదు సీసీఎంబీవారు, పుణె కేఈఎం ఆసుపత్రివారు కలిసి భారతీయులలోనూ నిరూపించినారు.

మరి చిగుళ్లను వదలివేయవచ్చునా? కూడదు. నెత్తురులో చక్కెర అదుపు తప్పితే చిగుళ్లు చెడుతవని వైద్యులకు చిరకాలముగా తెలుసును. ఇక, 2022లో కాక్రేన్ సంస్థ 35 పరిశోధనలను సమీక్షించినది. మధుమేహులకు చిగుళ్ల వైద్యము చేస్తే, మూడు నాలుగు నెలలలో వారి హెచ్‌బీఏ1సీ సగటున 0.43 మేరకు తగ్గినది. అనగా 8 ఉన్నవారికి 7.6 దగ్గరకు వచ్చునన్నమాట. ఇది మంచి సాయమే. మాత్రకు బదులు మాత్రము కాదు.

చిగుళ్ల నుండి నెత్తురు వస్తే చక్కెర పరీక్ష చేయించండి. చక్కెర ఉన్నదంటే దంతవైద్యునికి చూపించండి. గనికి పోయే తమ్ముళ్లు జేబులోని ఖర్రా పొట్లమును ఈ పండుగనాడే పారవేయండి. డాక్టరు చెప్పనిదే మాత్ర మానవద్దు. మా ఇంటి అనుభవము మరొక ఇంట జరుగకూడదనియే ఈ నాలుగు మాటలు.

కొత్త సంవత్సరము అందరికీ ఆరోగ్యమునిచ్చుగాక!