బిగింపునకు కొలత

నట్టు బిగించుటకు పానా యొక్కటి చాలును గదా, దానికి కొలత యెందులకని మీలో కొందఱకు తోచవచ్చును. మా కారు చక్రములను నేనే విప్పి బిగించుకొనువాడను గనుక, ఆ ప్రశ్నకు నేనెఱిగినంత సమాధానము చెప్పెదను.

చక్రపు నట్టు వదులైనచో దారిలో ఊడిపోవును. మితిమీఱి బిగించినచో బోల్టు సాగి బలహీనమగును. అంతియే కాదు, ఆలుబిడ్డలతో పోవుచుండగా నడిరాత్రి టైరు గాలి పోయినచో ఆ నట్టు ఎంత త్రిప్పినను కదలదు. తెగువఱకు లాగరాదను సామెత బోల్టు విషయమున అక్షరాల నిజము. చేతి బలమో, మనిషికొక తీరుగ నుండును. పొడవైన పానా కొనపై కాలుమోపి త్రొక్కువాడు తానెంత బిగించెనో తానే యెఱుగడు. కావుననే బిగింపును కొలుచు టార్క్ రెంచి యవసరమైనది.

బలమును పిడి పొడవుచే గుణింపగా వచ్చునదే టార్కు. అర మీటరు దూరమున 10 కిలోల బరువు వ్రేలాడినచో అది సుమారు 49 న్యూటన్ మీటర్లగును. పెక్కు కార్ల చక్రపు నట్లకు 80 మొదలు 120 వఱకు కావలెను; సైకిలు హ్యాండిలు నందలి చిన్న బోల్టులకు 5 లేక 6 చాలును. బియ్యపు కాటాతో బంగారము తూచలేనట్లే, ఈ రెండు పనులకు ఒకే రెంచి పనికిరాదు. ముందుగా మీ బండితో వచ్చిన పుస్తకమున అంకె చూచుకొనుడు. ఆ యంకె కొలతపట్టీ నడుమ పడు రెంచిని కొనుడు. కారునకు అర అంగుళపు చదరపు మొన గలిగి, 40 మొదలు 200 వఱకు కొలుచునది తగును.

చౌకవానిలో రెండు రకములు గలవు. మొదటిది ముల్లు రెంచి: కడ్డీ వంగుకొలది ముల్లు అంకెను చూపును. అరుగుటకు స్ప్రింగు లేదు. ముల్లును సూటిగా పైనుండి చూడవలెను. రెండవది టక్కుమని పలుకునది: కోరిన యంకె పెట్టి లాగవలెను, పలికినంతనే ఆపవలెను. పని ముగిసిన పిదప దానిని కనిష్ఠపు గుర్తునకు దింపి యుంచవలెను. కన్నానని తావులకు ఇది మేలు. చక్రములకు మాత్రము నేను ముల్లుదానినే కోరుదును.

ముల్లు రెంచిని ఇంటనే పరీక్షింపవచ్చును. మొనను కదలకుండ పట్టించి, కడ్డీని అడ్డముగా నిలిపి, పిడి నడుమ తెలిసిన బరువును వ్రేలాడదీయుడు. వ్రేలాడదీయుటకు ముందును తరువాతను ముల్లు చూపిన యంకెల తేడా, నేను చెప్పిన గుణకారముతో ఇంచుమించు సరిపోవలెను.

టార్క్ రెంచితో నట్లు ఊడదీయరాదు. పుస్తకము చెప్పనిదే మరలకు నూనె పూయరాదు. పూసినచో అదే యంకెకు బోల్టు మఱింత సాగును. ఎదురెదురు నట్లను క్రమముగా బిగించి, 50 లేక 100 కిలోమీటర్లు నడచిన పిదప మరల సరిచూడుడు.

వెల తక్కువని సరిపడని కొలత గలదానిని కొనుట పొదుపు కాదు. మీ నట్టునకు తగినదైనచో ముల్లు రెంచియే మీయింటికి చాలును.