సర్వరు పనిచెయ్యకపోతే?



1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2011లో మీసేవ వచ్చింది. కాగితాల పని తొందరగా అవుతోంది. కానీ కూలి మానుకుని అనకాపల్లి వెళ్తే, ఒక్కోసారి "సర్వరు పనిచెయ్యడం లేదు, రేపు రండి" అంటారు. ఆ రోజు కూలీ పోయె, బస్సు ఛార్జీ పోయె!

సర్వరు అంటే ఏమిటి? అదొక పెద్ద కంప్యూటరు. ఊరి చెరువులాంటిది. చెరువు నీరు కాలవ గుండా మడులకు వెళ్తుంది. సర్వరులోని వివరాలు వైర్ల గుండా ఆఫీసు కంప్యూటర్లకు వస్తాయి.

మడికి నీరు రాలేదు. రైతు ఏం చేస్తాడు? పక్క మడి చూస్తాడు. అక్కడ నీరుంటే, అడ్డు తన మడి దగ్గరే. ఎక్కడా లేకపోతే కాలవ చూస్తాడు, తూము చూస్తాడు.

కంప్యూటరూ అంతే. ఒక్కటే ఆగిందా? దాని వైరు ఊడిందేమో, పాస్‌వర్డు తప్పు కొట్టారేమో చూడాలి. అన్నీ ఆగాయా? వైర్లన్నీ కలిసే పెట్టెకి కరెంటు ఉందో లేదో చూడాలి. అదీ బాగుంటే లోపం బయటి నుంచి వచ్చే లైనులోనో, పైన సర్వరులోనో ఉండొచ్చు.

అందుకని ఊరికే తిరిగి రాకండి. "బాబూ, ఇదొక్కటే ఆగిందా? అన్నీ ఆగాయా?" అని అడగండి. ఒక్కటే అయితే పక్కదానిలో చెయ్యమనండి. అన్నీ ఆగితే ఆఫీసు ఫోను నంబరు రాసుకోండి. మర్నాడు ఫోను చేసి, బాగైందంటేనే బయలుదేరండి.

చదువు వచ్చింది. నంబరు రాసుకోవడం వచ్చింది. ఇక అడగడానికి భయమెందుకు?