ఫోటో తీసే ముందు ఒక్క మాట



ఆసుపత్రికి వెళితే ఒక్కోసారి డాక్టరు చీటీ రాసిస్తారు. "ఎక్స్‌రే ఫోటో తీయించుకు రండి" అంటారు. ఆ మాట వినగానే కొందరు భయపడతారు. "ఆ కరెంటు ఒంట్లోకి పోతే ఇంకేమైనా ఉందా?" అంటారు. మరికొందరు డాక్టరు అక్కర్లేదన్నా వినరు. "ఇంత దూరం వచ్చాం, ఒక ఫోటో తీయండి" అని పట్టుబడతారు. ఈ రెండూ సరికాదు. అవసరమైనప్పుడు తీస్తే ఎక్స్‌రే ప్రాణం నిలబెడుతుంది. అవసరం లేకుండా తీస్తే లాభం లేదు, కీడు జరగవచ్చు.

ఎక్స్‌రే అంటే ఏమిటి?

ఎక్స్‌రే ఒక రకం కిరణం. అది కంటికి కనపడదు. వాసన ఉండదు. తగిలినట్టు కూడా తెలియదు. చర్మంలో నుంచి, కండలో నుంచి దూసుకుపోతుంది. ఎముక మాత్రం దాన్ని చాలావరకు ఆపుతుంది. అందుకే ఫోటోలో ఎముక తెల్లగా కనపడుతుంది.

లోహం కూడా ఈ కిరణాన్ని ఆపుతుంది. గొలుసు, పుస్తెలు తీయమనేది అందుకే. అవి అడ్డం ఉంటే వెనకున్న జబ్బు కనపడదు. కోపం తెచ్చుకోవద్దు. తీసి, తోడు వచ్చినవారి చేతికి ఇవ్వండి.

ఈ కిరణాన్ని 1895లో జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. తన భార్య చేతికి ఫోటో తీశారు. అందులో వేళ్ల ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి. లోకం ఆశ్చర్యపోయింది.

కీడు సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. అమెరికాలో ఎడిసన్ దగ్గర క్లారెన్స్ డాలీ అనే మనిషి పనిచేసేవారు. ఎక్స్‌రే పరీక్షల్లో మాటిమాటికీ తన చేతులే పెట్టేవారు. చేతులు పుండ్లు పడ్డాయి. వాటిని తీసేయవలసి వచ్చింది. అయినా ఆయన బతకలేదు. 1904లో క్యాన్సర్‌తో చనిపోయారు.

కీడు ఎలా జరుగుతుంది?

మన శరీరం కణాలతో తయారైంది. ఈ కిరణం కణాలను దెబ్బతీయగలదు. చిన్న దెబ్బలను శరీరమే బాగుచేసుకుంటుంది. దెబ్బ పెద్దదైనా, మళ్లీ మళ్లీ తగిలినా కొన్ని కణాలు చెడిపోతాయి. ఎన్నో ఏళ్ల తర్వాత అవి క్యాన్సర్‌గా మారవచ్చు. ఎదిగే ఒంటికి దెబ్బ ఎక్కువ. కాబట్టి పసిపిల్లల విషయంలో, కడుపులో బిడ్డ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి.

తల్లులను అడిగిన డాక్టరమ్మ

కడుపులో బిడ్డ సంగతి లోకానికి ఎలా తెలిసింది? తల్లులు చెబితేనే తెలిసింది.

ఒకప్పుడు ఇంగ్లండులో గర్భవతుల పొట్టకు ఎక్స్‌రే తీసేవారు. బిడ్డ ఎలా తిరిగి ఉంది, కవలలా కాదా అని చూసేవారు. ఆ రోజుల్లో కొందరు చిన్నపిల్లలు రక్త క్యాన్సర్‌తో చనిపోతున్నారు. కారణం తెలియలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆలిస్ స్టివార్ట్ అనే డాక్టరమ్మ ఉండేవారు. డాక్టర్లకు తట్టనిది తల్లులకు గుర్తుండవచ్చని ఆమె అనుకున్నారు. ప్రశ్నల కాగితాలు తయారుచేశారు. బిడ్డలు పోయిన తల్లులను అడిగించారు. బిడ్డలు బాగున్న తల్లులనూ అవే ప్రశ్నలు అడిగించారు. కడుపుతో ఉన్నప్పుడు ఏ జబ్బు చేసింది? ఎక్స్‌రే తీశారా?

జవాబులు పక్కపక్కన పెట్టి చూశారు. గర్భంతో ఉండగా పొట్టకు ఎక్స్‌రే తీయించుకున్నవారు, బిడ్డలు పోయిన తల్లుల్లో సుమారు రెట్టింపు ఉన్నారు. 1956లో ఆమె ఈ సంగతి బయటపెట్టారు. చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదు. తల్లుల జ్ఞాపకాన్ని ఎలా నమ్మడం అన్నారు. 1962లో అమెరికాలో ఇంకో పరిశోధన జరిగింది. ఈసారి ఎవరినీ అడగలేదు. ఆసుపత్రి రికార్డులే చూశారు. అక్కడా జబ్బు ఎక్కువగానే కనపడింది. తల్లుల మాట నిజమైంది. గర్భవతుల పొట్టకు ఎక్స్‌రే తీసే అలవాటు మెల్లగా పోయింది. ఇప్పుడు బిడ్డను చూడడానికి అల్ట్రాసౌండు స్కానింగు చేస్తారు. అందులో వాడేది శబ్ద తరంగాలు. ఈ కిరణాలు ఉండవు.

ఏం చెప్పాలి? ఏం అడగాలి?

ఎక్స్‌రే గది తలుపు మీద ఒక గుర్తు ఉంటుంది. మధ్యలో చుక్క, చుట్టూ మూడు రెక్కలు. పక్కన ఉన్న బోర్డు చదవండి. లోపల ఫోటో తీస్తుంటే ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడు తలుపు తీయవద్దు. పిల్లలను అక్కడ ఆడుకోనివ్వవద్దు.

నెల తప్పినా, తప్పిందని అనుమానం ఉన్నా ముందే చెప్పండి. మొగవాళ్లు ఉన్నారని సిగ్గుపడవద్దు. నర్సుకైనా చెప్పండి. తెలియక ఫోటో తీయించుకున్నారా? కంగారుపడి గర్భం తీయించుకోవద్దు. చేతికో, కాలికో, ఛాతీకో తీసిన ఫోటో వల్ల బిడ్డకు తగిలేది చాలా తక్కువ. డాక్టరుకు చెప్పి సలహా తీసుకోండి.

బిడ్డను కదలకుండా పట్టుకోమంటే, గర్భంతో లేనివారే పట్టుకోవాలి. సీసం పొదిగిన బరువైన ఏప్రాన్ అడిగి తొడుక్కోవాలి. మిగతావారు బయట ఉండాలి. దూరం పెరిగేకొద్దీ కిరణం బలం తగ్గుతుంది.

పాత ఫోటోలు పారేయవద్దు. కవరులో పెట్టి, పైన పేరు, తేదీ రాయండి. "పోయిన నెల తీసింది ఉంది, సరిపోతుందా?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

సిటీ స్కాను కూడా ఎక్స్‌రేతోనే తీస్తారు. మనకు భూమి నుంచి, ఆకాశం నుంచి ఇలాంటి కిరణాలు రోజూ కొద్దికొద్దిగా తగులుతూనే ఉంటాయి. ఒక ఛాతీ ఎక్స్‌రేలో తగిలేది సుమారు 10 రోజుల్లో తగిలేదానితో సమానం. పొట్టకు సిటీ స్కాను తీస్తే రెండు మూడేళ్లలో తగిలేది ఒక్కసారే తగులుతుంది. తలకు పెద్ద దెబ్బ తగిలితే సిటీ స్కాను ప్రాణం కాపాడుతుంది. కానీ మామూలు తలనొప్పికి పిల్లలకు స్కాను కావాలని మీరే పట్టుబట్టవద్దు.

మనదేశంలో ఈ యంత్రాలకు లైసెన్సు ఉండాలి. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఆ లైసెన్సు ఇస్తుంది. లైసెన్సు ఉందా అని అడిగే హక్కు మీకు ఉంది.

కరెంటు పెట్టించుకున్నవారిని దూరం పెట్టవద్దు

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ వంటి జబ్బులకు బలమైన కిరణాలతో వైద్యం చేస్తారు. దాన్నే కరెంటు పెట్టడం అంటారు. కొన్ని ఇళ్లలో అలాంటి ఆడమనిషికి కంచం, గ్లాసు వేరు పెడతారు. బిడ్డను దగ్గరకు రానివ్వరు. ఇది అన్యాయం. బయట నుంచి యంత్రంతో కరెంటు పెడితే ఆమె ఒంట్లో కిరణం మిగలదు. దీపం ఆర్పితే గదిలో వెలుగు ఉంటుందా? ఇదీ అంతే. ఆమెను ముట్టుకోవచ్చు. పక్కన కూచుని తినవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కు నోటి ద్వారా ఇచ్చే కిరణాల మందు వంటివి మాత్రం వేరు. అప్పుడు ఎన్నాళ్లు దూరం ఉండాలో డాక్టరే చెబుతారు. ఆ మాట పాటిస్తే చాలు.

అక్కలారా! ఈ రోజే ఒక నోటుపుస్తకం తీయండి. ఇంట్లో ఎవరికి, ఏ తేదీన, ఏ భాగానికి ఫోటో తీశారో రాయండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లండి. ఆనాడు ఇంగ్లండులో తల్లులు గుర్తుపెట్టుకుని చెప్పారు. మీరు రాసి పెట్టుకుని చెప్పగలరు.

కలిసి మాట్లాడుకోండి

1. ఎక్స్‌రే తీసే ముందు గర్భవతి ఏమని చెప్పాలి?
2. పాత ఫోటోలు దాచుకుంటే ఏం లాభం?
3. కరెంటు పెట్టించుకున్నవారిని మీ ఊళ్లో ఎలా చూస్తున్నారు? ఎలా చూడాలి?