కువైట్‌లో ఇంటిపని - చట్టం ఏమిస్తోంది?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ, కోనసీమ, నరసాపురం వైపు నుంచీ మన ఆడవాళ్ళు దశాబ్దాలుగా కువైట్‌కు ఇంటిపనికి వెళ్తున్నారు. అక్కడ వాళ్ళను ఖద్దామా అంటారు. వాళ్ళకు ఏ చట్టమూ వర్తించదని మనలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. 2015 దాకా ఆ మాట నిజమే. 2010లో వచ్చిన ప్రైవేటు రంగ కార్మిక చట్టం ఇంటి పనివాళ్ళను తన పరిధి నుంచి తప్పించింది. దుకాణంలో పనిచేసే మనిషి కార్మికుడట. ఆ దుకాణదారు ఇంట్లో వండి, తుడిచి, పిల్లల్ని సాకే స్త్రీ మాత్రం కాదట! ఇంటిచాకిరీ పనే కాదనే ఈ ఆలోచన మనకూ కొత్తది కాదు. మన దేశంలో కూడా ఇంటి పనివాళ్ళ కోసం ప్రత్యేకంగా జాతీయ చట్టం ఈనాటికీ లేదు.

2015లో కువైట్ 68వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికొక రోజు సెలవు, ఏడాదికొకసారి జీతంతో కూడిన సెలవు ఉండాలి. తిండి, బట్ట, వసతి, వైద్యం యజమానే చూడాలి. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. కనీస జీతం నెలకు 60 దినార్లని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది.

మనవాళ్ళలో చాలామందికి తెలియని హక్కు ఇంకొకటుంది. ఒప్పందం ముగిసి పని మానేటప్పుడు, పనిచేసిన ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం చొప్పున యజమాని ఇవ్వాలి. నెలకు 80 దినార్ల మీద ఆరేళ్ళు చేసిన స్త్రీకి 480 దినార్లు రావాలన్నమాట. ఇది బక్షీసు కాదు, ఆమె కష్టార్జితం. విమానం ఎక్కాక దీన్ని రాబట్టడం చాలా కష్టం. బయలుదేరే ముందే లెక్క అడగాలి. ఏముందో తెలియకుండా ఏ కాగితం మీదా సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకూడదు.

చట్టంలో లోపాలూ ఉన్నాయి. మిగతా కార్మికులకు రోజుకు 8 గంటలైతే వీళ్ళకు 12 గంటలు. ఇంటి తలుపుల వెనక పని ఎలా సాగుతోందో తనిఖీ చేసే ఏర్పాటు చట్టంలో లేదు. అకామా కఫీల్‌తో ముడిపడి ఉంది. బాధ భరించలేక ఇల్లు విడిస్తే పారిపోయిందని కేసు పెడతారు. అందుకే బయటపడిన స్త్రీ వెంటనే మన రాయబార కార్యాలయానికో, అక్కడి ఇంటి పనివాళ్ళ విభాగానికో చేరాలి. ఆ విభాగం ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే కేసు కోర్టుకు వెళ్తుంది.

ఇక మన వైపు చూద్దాం. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు ఉన్న స్త్రీ 30 ఏళ్ళు నిండకుండా ఈ పనికి వెళ్ళకూడదని మన ప్రభుత్వ నిబంధన. రక్షణ కోసమని పెట్టిన ఈ నిబంధనను ఏజెంట్లు తమకు అనుకూలంగా మలుచుకున్నారు. విజిట్ వీసా మీద పంపేస్తారు. అలా వెళ్ళిన స్త్రీ ఒప్పందం ప్రభుత్వ రికార్డులో ఉండదు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షల రూపాయలిచ్చే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఆమెకు ఉండదు. హక్కు ఇచ్చింది చట్టమే అయినా, దాన్ని అడగడానికి చేతిలో కాగితం కావాలి.

కాబట్టి మన ఊళ్ళలో చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. వెళ్ళేవాళ్ళకు ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయని చెప్పాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు, యజమాని పేరు, చిరునామా, ఫోను నంబరు ఇంట్లో ఒకరి దగ్గర ఉండేలా చూడాలి. జీతం ఏ నెలకు ఎంత ముట్టిందో రాసి పెట్టించాలి. తిరిగి రాబోతున్న ప్రతి మనిషినీ ఫోనులో ఒక్క మాట అడగండి: "ఏడాదికి నెల జీతం లెక్క కట్టించుకున్నావా?"