బంగారు లేడి



చర్లలో కూర్చుండి రామకథ చెప్పుకొనుటకు వేరుగా సందర్భమును వెదుకనక్కరలేదు. ఇదే గోదావరి ఒడ్డున, మనకు దిగువన పర్ణశాల ఉన్నది. సీతమ్మవారు బంగారు లేడిని చూచిన తావు అదేయని మన పెద్దల విశ్వాసము. ఆ లేడిని స్మరించుచు, దేశాంతర యాత్రను గూర్చి నాలుగు మాటలు విన్నవించెదము.

మేము కొందరు మిత్రులతో కలిసి కంబోడియా దేశమునకు వెళ్ళివచ్చితిమి. పురాతన శిథిలములకు పేరుపొందిన దేశమది. అందు అంగ్‌కోర్ వాట్ 12వ శతాబ్దమున రెండవ సూర్యవర్మ నిర్మింపజేసిన విష్ణ్వాలయము. తరువాతి కాలమున బౌద్ధులకు ఆరాధనాస్థానమైనది. 1992లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. పడమటి మండపపు గోడపై లంకాయుద్ధము చెక్కబడియున్నది. హనుమంతుని భుజములపై నిలిచి శ్రీరాముడు బాణము సంధించుచున్నాడు. ప్రక్కన లక్ష్మణుడు, విభీషణుడు. ఎదుట రథముపై దశకంఠుడు. భద్రాద్రి సీమలో పెరిగినవానికి ఆ శిల్పమును వివరించుటకు వేరొకరు కావలెనా?

అదే ఆలయపు పడమటి ద్వారమున అష్టభుజుడైన విష్ణుమూర్తి ఉన్నాడు. ఆ దేశస్థులు ఆయనను తా రీచ్ అని పిలుచుచు, నేటికిని ధూపము వెలిగించి మ్రొక్కుచున్నారు. మనము శిథిలమనుకొని చూడబోయినది వారికి నిత్యము మ్రొక్కెడి గుడి!

ఇక మా తప్పు చెప్పుకొనవలెను. ఒక ప్రాకారపు మూలలో చిన్న రాతిముక్క పడియుండెను. దానిపై సగము తామరరేకు కనబడుచుండెను. పూజామందిరమున ఉంచుకొందమని చేతికి తీసికొంటిమి. దొంగతనమను తలంపు లేదు. అది భక్తియేయని అనుకొంటిమి. సమీపమున ధూపము వెలిగించుచున్న ఒక వృద్ధురాలు మా చేతివంక చూచెను. ఏమియు అనలేదు. ఆమె భాష మాకు రాదు గాని, ఆ చూపు అర్థమయ్యెను. రాతిని ఉన్నచోటనే ఉంచితిమి.

ఒక చిన్న రాతికి ఇంత విచారమేలయని మీరనవచ్చును. ఆ దేశముననే కోకేర్ అను 10వ శతాబ్దపు రాజధాని ఉన్నది. అచ్చటి ప్రసాత్ చెన్ ఆలయమున మోకాలిపై కూర్చున్న హనుమద్విగ్రహ ముండెడిది. అంతర్యుద్ధ కాలమున ఆ ఆలయములను దొంగలు దోచుకొనిరి. ఆ హనుమంతుడు సముద్రములు దాటి అమెరికా చేరెను. 1982లో క్లీవ్‌లాండ్ కళా ప్రదర్శనశాల ఆ మూర్తిని కొనెను. 2015లో కంబోడియాకు తిరిగి అప్పగించెను. అదే ఆలయమునకు చెందిన భీమ, దుర్యోధన విగ్రహములు 2014లో స్వదేశము చేరినవి. దొంగలు వాటిని పాదముల వద్ద విరిచి కొనిపోగా, పాదములు మాత్రము పీఠములపై మిగిలినవి. ఇన్నేండ్లును ఆ పాదములు తమ దేహములకై ఎదురుచూచుచుండెనా అనిపించును.

ఇప్పుడు పర్ణశాలకు వత్తము. లేడి అందముగా నున్నది. చూచి ఆనందించుటలో దోషము లేదు. దానిని పట్టితెచ్చి మన ఆశ్రమమున ఉంచుకొనవలెనను కోరికతోనే కథ మలుపు తిరిగెను. అమ్మవారికి లోభమేమి? మనకు నేర్పుటకే ఆ లీల. చూపు వేరు, పట్టు వేరు. ఈ రెంటి నడుమనే లక్ష్మణరేఖ ఉన్నదని మా మనవి.

ఈ మాట విదేశ యాత్రికులకు మాత్రమే కాదు. గోదావరి ఆవలి ఒడ్డున, పినపాక వైపు జానంపేట వద్ద అడవిలో రాకాసి గూళ్ళున్నవి. బండలను నిలిపి, పైన పెద్దబండ కప్పి, ఇనుపయుగపు జనులు తమవారికి కట్టిన సమాధులవి. మనకు ఉత్తరాన బస్తరులో మారియా గోండులు చనిపోయినవారికై రాళ్ళు నిలుపు ఆచారము కలదు. రాయి నిలుపుటయనగా తమవారిని మరువకుండుటయే.

గుప్తనిధులున్నవని పాడుబడిన గుళ్ళను, పాత సమాధులను త్రవ్వువారి వార్తలు మన ప్రాంతములలో వినుచునే యున్నాము. ఇట్టి సమాధులలో దొరకునవి ఎముకలు, మట్టికుండలు, ఇనుప పనిముట్లు. ఏ వస్తువు ఏ ప్రక్కన ఉండెనో తెలిసిననే పండితులు ఆనాటివారి బ్రతుకును గ్రహింపగలరు. ఒక్క గడ్డపార పోటుతో ఆ జాడ చెదరును. ఎంత ధనము పోసినను తిరిగి రాదు. హనుమద్విగ్రహము తిరిగివచ్చినది గాని, చెదరిన జాడ తిరిగిరాదు.

కావున బంధువులారా, యాత్రలు చేయుడు. దేశములు చూడుడు. అంగ్‌కోర్ వెళ్ళినను, మన అడవిలో రాకాసి గూళ్ళకు వెళ్ళినను, పొరుగింటికి పోయిన అతిథివలె మెలగుడు. గోడలపై పేర్లు చెక్కకుడు. శిల్పములను తడుమకుడు. పిల్లలు రాతిముక్క నేరుకొన్నచో కసరక, ఇది ఎవరి గుడిదో చెప్పి, వారి చేతనే తిరిగి అచ్చట పెట్టించుడు. ఇంటికి తెచ్చుకొనదగినది మనస్సున నిలిచిన దర్శన మొక్కటే. దానిని ఎవరును దోచుకొనలేరు.

భద్రగిరివాసుడైన శ్రీరామచంద్రుడు మనకు చూచు కన్నులను, విడుచు చేతులను అనుగ్రహించుగాక.

స్వస్తి.