కిడ్నీలో రాళ్లు: ఎవరికి వస్తాయి, ఎందుకు వస్తాయి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

డాక్టరు కదా, గుండె గురించి చెబుతాడనుకుని ఉంటారు. దానికి చాలామంది ఉన్నారు. నేను కిడ్నీలో రాళ్ల గురించి చెబుతాను.

మూత్రంలో కరిగి ఉండాల్సిన లవణాలు నీరు చాలక చిక్కబడి గడ్డకడితే అదే రాయి. ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్ రాళ్లే. దాళ్వా కోతల ఎండలో నిలబడే రైతుకీ, పంచదార ఫ్యాక్టరీ లాంటి చోట బాయిలర్ దగ్గర పనిచేసేవాడికీ ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. అందుకని ఎన్ని గ్లాసులు తాగామన్నది కాదు లెక్క. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం మీ డాక్టరు చెప్పిన కొలతే తాగండి.

తర్వాతది ఉప్పు. ఆవకాయ, మాగాయ, ఎండుచేప మనకు ప్రాణం. ఉప్పు పెరిగితే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ పోతుంది. నిమ్మరసం మంచిదే, అందులో గుప్పెడు ఉప్పు పోయకపోతే! మాంసం అతిగా తినేవాళ్లకీ, షుగరు, ఊబకాయం, గౌటు ఉన్నవాళ్లకీ, ఇంట్లో ఎవరికైనా రాళ్లున్నవాళ్లకీ ముప్పు ఎక్కువ. ఒకసారి వస్తే మళ్లీ రావడం మామూలే.

రాయి కాల్షియంది కదా అని పాలు, పెరుగు మానేస్తారు. అది తిరగబడుతుంది. తిండిలోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది. పెరుగు మానేస్తే ఆ ఆక్సలేట్ కిడ్నీకి చేరుతుంది. టమాటా గింజలు రాళ్లవుతాయన్నది వట్టి మాట. తగ్గించాల్సింది పాలకూర.

ఇక అరటిదూట రసం. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, పేరు దూటకి వస్తుంది. దూట కూర వండుకోండి, నాకూ ఇష్టమే. కానీ పెద్ద రాయి పెట్టుకుని, నొప్పి తగ్గిందని నెలల తరబడి రసం తాగుతూ కూర్చుంటే, చప్పుడు లేకుండా కిడ్నీ పోవచ్చు. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా తెల్లారేదాకా ఆగకండి.

ఉద్దానంలో వచ్చేది ఇదేనా అని అడుగుతుంటారు. కాదు. అక్కడిది రాళ్ల జబ్బు కాదు, దాని కారణం ఇదీ అని ఇంకా తేలలేదు.

చివరగా ఒక్కమాట. చాలా బళ్లలో ఆడపిల్లలు పొద్దుట వచ్చింది మొదలు ఇంటికి వెళ్లేదాకా నీళ్లు ముట్టరు, మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని. మన నిధితో స్వాగత ద్వారం కట్టాలంటున్నారు. నా చందా మాత్రం ఆడపిల్లల మరుగుదొడ్లకీ, మంచినీళ్ల కుళాయిలకీ రాసుకోమని కార్యదర్శిగారికి చెప్పాను. ద్వారం సంగతి మీరు తేల్చండి. సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి, ఆవకాయ వడ్డించేలోపు.