పొలం మారితే వార్డు మారుతుంది

నర్సుల నిరంతర విద్య గురించి స్మారకోపన్యాసం



డాక్టర్ అన్నా సారా కుగ్లర్ స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచారు. డాక్టరు పేరున జరిగే సభలో నర్సుల చదువు ప్రస్తావన ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. ఆమె జీవితం తెలిసినవారికి అలా అనిపించదు. 1856లో పెన్సిల్వేనియాలో పుట్టి, 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకున్న కుగ్లర్ 1883లో గుంటూరు చేరారు. అప్పుడామెను పంపింది వైద్యానికి కాదు, ఆడవాళ్ల మధ్య బోధన పనికి. వైద్యురాలిగా నియామకం 1885లో గానీ రాలేదు. స్త్రీలకూ పిల్లలకూ ఆమె కట్టించిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. 1930లో ఆమె ఈ ఊళ్లోనే కన్నుమూశాక అది కుగ్లర్ ఆసుపత్రిగా నిలిచింది.

అయితే గోడలు కట్టినంత మాత్రాన ఆసుపత్రి నడవదు. పరాయి మనిషి పుండు కడగడానికి, పురిటి మంచం తాకడానికి గౌరవస్తులు ముందుకు రాని కాలం అది. కేథరిన్ ఫాస్ అనే నర్సు అమెరికా నుంచి వచ్చి కుగ్లర్‌కు తోడుగా నిలిచింది. మిషను బడుల్లో చదివిన ఇక్కడి క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు నర్సులయ్యారు. ఆ రోజుల్లో చదువూ పనీ ఒకే చోట జరిగేవి. ఇందులో దోపిడీ లేదని అనను. చాలా దేశాల్లో ఆనాటి ఆసుపత్రులు విద్యార్థినుల చాకిరీ మీదే నడిచాయి. కానీ ఒక మంచి కూడా ఉంది: ఎదురుగా మంచం మీద ఉన్న రోగే అప్పుడు పాఠం.

తర్వాత చదువు పెరిగింది. 1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చింది. 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం, 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చాయి. జీఎన్ఎం డిప్లొమా, నాలుగేళ్ల బీఎస్సీ, ఎమ్మెస్సీ వచ్చాయి. ఇవన్నీ నర్సును చాకిరీ నుంచి వృత్తిలోకి నడిపించిన మెట్లు. ఆ క్రమంలో ఒకటి జారిపోయింది. కళాశాల ఒక చోట, వార్డు మరో చోట స్థిరపడ్డాయి. పట్టా చేతికొచ్చాక నర్సుకు నేర్పే బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియకుండా పోయింది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ నేల మీద నర్సు చదువు పట్టాతో ఆగకూడదు, ఎందుకంటే ఇక్కడి పొలం ఆగదు. పొలంలో పురుగు మారితే మందు మారుతుంది. మందు మారితే మన క్యాజువాలిటీకి వచ్చే రోగి మారతాడు. కాబట్టి పాఠం కూడా మారాలి, దాన్ని వార్డులోనే చెప్పాలి, అదీ డ్యూటీ గంటల్లోనే.

పత్తి సంగతే చూడండి. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టింది. రైతులు అప్పు తెచ్చి మందు మీద మందు కొట్టారు. పంట పోయింది, అప్పు మిగిలింది. కొందరు ఆ మందే తాగారు. ఆనాటి వార్డులను నింపినవి ఎక్కువగా ఆర్గానోఫాస్ఫేట్లు: చొంగ, చెమట, సూది మొనంత కనుపాపలు, ఊపిరితిత్తుల్లో గురగుర. మరోపక్క ఎండోసల్ఫాన్ ఉండేది. అది తాగినవాడికి చొంగ కాదు, ఫిట్స్ వస్తాయి, అట్రోపిన్ దానికి విరుగుడు కాదు. సుప్రీంకోర్టు 2011లో దాన్ని ఆపింది. 2002లో బీటీ పత్తి వచ్చాక కాయతొలుచు పురుగు మందులు కొంతకాలం తగ్గాయి, రసం పీల్చే పురుగుల మందులు పెరిగాయి. కలుపు తీసే కూలీలు దొరకని చోటికి కలుపుమందు వచ్చింది. 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు దిగేసరికి రైతులు దొరికిన మందల్లా కలిపి కొట్టారు. బంధువులు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకే మాట చెబుతారు: "మందు తాగాడమ్మా." ఏ మందో అడిగి, డబ్బా తెప్పించి, దాని మీది పేరు కేస్ షీటులోకి ఎక్కించేది చాలాసార్లు నర్సే.

ఆ పేరు చదవడంలో ఎంత తేడా ఉందో కలుపుమందు పారాక్వాట్ చూపిస్తుంది. దానికి విరుగుడు లేదు. పొరపాటున మింగిన కొద్దిపాటి మందు కూడా నోటిని పుండు చేసి, మూత్రపిండాలను దెబ్బతీసి, ఊపిరితిత్తులను బిగదీస్తుంది. ఆయాసం కనిపించగానే ఆక్సిజన్ పెట్టాలని మన చేతులకు అలవాటు. పారాక్వాట్‌లో అవసరానికి మించిన ఆక్సిజన్ ఆ ఊపిరితిత్తులకే హాని చేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప ఇవ్వరు. పాతికేళ్ల కింద పట్టా తీసుకున్న సిస్టర్‌కు ఈ సంగతి తెలియకపోతే తప్పు ఆమెది కాదు, ఆ తర్వాత ఆమెకు చెప్పనివాళ్లది.

తెలిసిన విషానికి కూడా చికిత్స మారుతూనే ఉంటుంది. అట్రోపిన్ విషయంలో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ వైద్యులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక గుంపుకు పాత పద్ధతిలో విడివిడి డోసులిచ్చారు. రెండో గుంపుకు డోసును త్వరత్వరగా పెంచుకుంటూ పోయి, లక్షణాలు అదుపులోకి వచ్చాక డ్రిప్పులోకి మార్చారు. మొదటి గుంపులో మరణాలు 22.5 శాతం, రెండో గుంపులో 8 శాతం. మందు అదే, ఇచ్చే తీరు వేరు. డోసు రాసేది డాక్టరే. కానీ ప్రతి ఐదు నిమిషాలకూ ఊపిరితిత్తులు తేటపడ్డాయా, నాడి 80 దాటిందా, పైబీపీ 80 పైన నిలిచిందా, చంకలు పొడిబారాయా, కనుపాప విచ్చుకుందా అని చూసేది ఎవరు? అట్రోపిన్ ఎక్కువైతే రోగి బట్టలు పీక్కుంటాడు, మాటలు తడబడతాయి, మూత్రం బిగుసుకుంటుంది, ఒళ్లు కాలిపోతుంది. మే నెలలో రేకుల కప్పు కింద చెమట పట్టని మనిషికి జ్వరం ఎంతవరకు పోతుందో మన నర్సులకు వేరే చెప్పక్కర్లేదు. చేతులు కట్టెయ్యడం కాదు, డ్రిప్పు వేగం గురించి డాక్టరును పిలవడం అప్పటి పని.

ఇంకో పాఠానికి యంత్రమే అక్కర్లేదు. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరళియద్దె ఒక సంగతి లోకానికి చెప్పారు. ఆర్గానోఫాస్ఫేట్ తాగి తేరుకున్నట్టు కనిపించిన రోగికి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఆపైన ఊపిరి కండరాలు చచ్చుబడవచ్చు. సరిగ్గా అప్పుడే అట్రోపిన్ తగ్గిస్తుంటాం, ఇంటికి పంపమని బంధువులు తొందరపెడుతుంటారు. "పెద్దాయనా, దిండు మీంచి తల ఒక్కసారి ఎత్తు" అని షిఫ్టుకు రెండుసార్లు అడిగితే చాలు. ఎత్తలేకపోతే వెంటిలేటర్ ఉన్న చోటికి తరలించడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. నరసరావుపేటలోనైనా మార్కాపురంలోనైనా చిన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు అడిగే ఈ ఒక్క ప్రశ్న రోగి గుంటూరుకో ఒంగోలుకో ప్రాణాలతో చేరతాడా లేదా అన్నది తేలుస్తుంది.

పాముకాటూ పంటతోనే వస్తుంది. రక్తపింజరి కాటుకు రక్తం గడ్డకట్టే పరీక్ష ఉంది: శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపైన వంచి చూడటం. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగినదైనా ఫలితం తప్పుతుంది. ఖర్చు దాదాపు లేని పరీక్ష, తెలియకపోతే మాత్రం పనికిరాదు.

చెయ్యి నేర్వాల్సింది ఇలా ఉంటే, నోరు నేర్వాల్సింది ఇంకొకటి. మందు తాగి బతికిన మనిషిని వార్డులో మనమెలా పలకరిస్తున్నాం? "పిల్లల మొహం గుర్తు రాలేదా?" అని నిలదీయడం చాలాచోట్ల వినబడుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని, అతనికి సంరక్షణ అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. చట్టం మారి ఇన్నేళ్లయినా మాట మారలేదు. డిశ్చార్జి కాగితంతో పాటు 14416 టెలిమానస్ నంబరు రాసి ఇవ్వడం, ఇంట్లో మందు డబ్బాలకు తాళం వేయమని బంధువులకు చెప్పడం కూడా నర్సు నేర్చుకుని చేయాల్సిన పనులే.

మరి నిరంతర విద్య మన దగ్గర లేదా? కాగితం మీద దండిగా ఉంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఐదేళ్లలో 150 గంటలు, అంటే ఏడాదికి 30 గంటలు ఉండాలని భారత నర్సింగ్ మండలి నిర్దేశించింది. 1947 చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. బ్రిటన్‌లో పనిచేసే మన తెలుగు నర్సులను అడిగితే అక్కడి లెక్క వేరుగా చెబుతారు. 2016 నుంచి అక్కడ మూడేళ్లకు 35 గంటలే. అయితే నేర్చుకున్నది తమ పనిలో ఏం మార్చిందో ఐదుసార్లు సొంత మాటల్లో రాయాలి, రాసినదాన్ని తోటి నర్సుతో కూర్చుని చర్చించాలి. మన గంటలు వాళ్లకన్నా రెట్టింపుకు మించి ఉన్నాయి. మనం అడగనిది, నేర్చుకున్నది ఏం మార్చిందన్న ప్రశ్న. హాల్లో కూర్చుని, సంతకం చేసి, సర్టిఫికెట్టు, భోజనం ప్యాకెట్టు తీసుకుని వచ్చిన నర్సును మర్నాడు వార్డులో ఏం మారిందని ఎవరూ అడగరు.

నర్సులకు చదువు మీద ఆసక్తి లేదనే మాట నేను ఒప్పుకోను. విదేశీ ఉద్యోగాల కోసం ఎన్‌క్లెక్స్, ఓఇటి కోచింగులకు, జర్మన్ క్లాసులకు సొంత డబ్బు కట్టి, నైట్ డ్యూటీ దిగి నిద్రమాని వెళ్తున్నది వీళ్లే. ఆ చదువుకు ఫలితం కనిపిస్తోంది, వెళ్తున్నారు. ఇక్కడ డయాలసిస్‌లోనో ఐసీయూలోనో చెయ్యి తిరిగిన నర్సుకు జీతం చీటీలో తేడా ఉండదు, పైగా మరుసటి నెల ఆమెను ఓపీకి మార్చినా అడిగే దిక్కుండదు. నేర్చినదానికి విలువ కట్టని చోట నేర్చుకోమని చెప్పే హక్కు మనకు ఎంతవరకు ఉంటుంది?

అసలు చిక్కు సమయం. టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో మూడు మంచాలకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదింటికి ఒకరు ఉండాలని, సెలవుల కోసం అదనంగా 30 శాతం సిబ్బంది ఉండాలని మండలి ప్రమాణాలు. ఆ అదనం నిజంగా ఉంటే చదువుకు చోటు అందులోనే దొరుకుతుంది. లేకపోతే క్లాసుకు వెళ్లిన ఒక్కరి మంచాలు ఇంకొకరి నెత్తిన పడతాయి. అప్పుడు చదువు తోటివాళ్ల మీద పడే భారమవుతుంది, దాన్ని ఎవరూ ప్రేమించరు.

అందుకే నేను అడిగేది పెద్ద భవనం కాదు. మధ్యాహ్నం రెండు గంటలకు రెండు షిఫ్టులు ఒకే వార్డులో కలుస్తాయి. హ్యాండోవర్ అయ్యాక వారానికి రెండు రోజులు 20 నిమిషాలు కూర్చుంటే ఏడాదికి 34 గంటలు దాటుతుంది. నైట్లూ సెలవులూ పోను ఒక్కొక్కరికి అందులో సగం అందినా, నిర్దేశించిన 30 గంటల్లో సగానికి పైగా వార్డులోనే తీరుతుంది. పాఠం ఆ వారం వచ్చిన కేసు. చెప్పేది ఆ కేసు చూసిన నర్సు. భాష తెలుగు: అట్రోపిన్, వెంటిలేటర్ అలాగే ఉంటాయి, చుట్టూ మాట మనదై ఉంటుంది. ఏఎన్ఎం అమ్మాయిలూ, కాంట్రాక్టు నర్సులూ ఆ పాఠంలో కూర్చోవాలి. రాత్రి పది గంటలకు ఊళ్లో తొలి ఫోను వెళ్లేది ఏఎన్ఎంకే.

ఆసుపత్రి అధికారులు ఆ 20 నిమిషాలను డ్యూటీగా లెక్కించాలి, నర్సింగ్ మండలి ఆ గంటలను క్రెడిట్లుగా గుర్తించాలి. నర్సింగ్ కళాశాలల అధ్యాపకులు నెలకొకసారి వార్డుకు వచ్చి, కొత్తగా ఏం వచ్చిందో చెప్పి, పాతదేం చెల్లదో కూడా చెప్పాలి. వ్యవసాయ శాఖ ఈ సీజనులో తన మండలంలో ఏ మందు ఎక్కువ అమ్ముడవుతోందో ఆసుపత్రికి ముందే చేరవేయాలి. ఇవేవీ కొత్త చట్టాలు అడిగే పనులు కావు. ఒక సూపరింటెండెంటు, ఒక హెడ్ నర్సు మనసుపెడితే మొదలవుతాయి.

చివరగా విద్యార్థులకు ఒక మాట. మీ పుస్తకంలో ఉన్నదంతా నేర్చుకోండి. వార్డులో అడుగుపెట్టిన రోజున మాత్రం మీ ముందున్న సిస్టర్‌ను అడగండి: ఈ ఊళ్లో ఇప్పుడు ఏం కొడుతున్నారు, ఏం తాగి వస్తున్నారు, ఏం కరిచి వస్తున్నారు? ఆమెకు తెలిస్తే నేర్చుకోండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి తెలుసుకోండి. ఆగస్టు నుంచి పత్తిలో మందు కొట్టడం ఊపందుకుంటుంది. అంతకుముందే జులైలో, మీ మీ వార్డుల్లో, మొదటి పాఠం జరగాలని కోరుతున్నాను.